పెద్ద పనేం కాదు

కిందటి వారం మనం ఫోనక్కను మీటింగ్ గది గుమ్మంలో వదిలేసి వచ్చాం. ఒక చెయ్యి తలుపు మీద, ఇంకో చేతిలో పాత అట్ట పుస్తకం, చూపు ఎదుటి గోడ మీద. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆమెను లోపలికి తీసుకెళ్ళే ముందు, ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

అది నీళ్ళ మోటార్లు చేసే కంపెనీ. మోటారు మొరాయిస్తే జనం ఫోన్ చేసేది ఫిర్యాదుల విభాగానికి. అక్కడ పనిచేసేది పదకొండుమంది ఆడవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద ఫోనక్క. ఇరవై మూడేళ్ళుగా ఫోన్లు ఎత్తీ ఎత్తీ సొంత పేరు అరిగిపోయి, ఈ పేరు మిగిలింది. ఎండలు ముదిరితే ఫోన్లు రెట్టింపవుతాయి. పదకొండుమందీ చాలరు. గంటలు మోగి మోగి ఆగిపోతాయి, అవతలివాళ్ళు తిట్టుకుంటారు. ఇది చూసి యజమాని గారు ఒక నిర్ణయానికి వచ్చారు. మోటార్లు చేయడం మన అసలు పని, ఊడవడం, కాపలా, బండ్లు, ఫోన్లు, ఇవన్నీ కొసరు పనులు, వాటిని బయటివాళ్ళకి అప్పగించేద్దాం అన్నారు. సర్క్యులర్‌లో వాటిని 'నాన్-కోర్' పనులు అని రాశారు. నాన్-కోర్ అంటే ఏమిటే అని ఒకామె అడిగితే, "ఎవరూ కోరనివి" అని ఫోనక్క జోకు వేసింది. ఆ రోజు పదకొండుమందీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

అప్పగించడానికి మూడు దారులున్నాయి. అన్నీ కట్టగట్టి ఒకే పెద్ద ఏజెన్సీ చేతిలో పెట్టడం ఒకటి. ఏ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళకి ఆ పని విడివిడిగా ఇవ్వడం రెండోది. మనవాళ్ళని మనం ఉంచుకుని, రద్దీ నెలల్లో మాత్రం బయటి సాయం తీసుకోవడం మూడోది. ఏది మంచిదో తేల్చి చెప్పమని యజమాని గారు ఆపరేషన్స్ మేనేజరుకి పురమాయించారు. ఆ మేనేజరు ఇంకెవరో కాదు, ఫోనక్కకి స్వయానా తోడికోడలు. ఒకే ఇల్లు, ఒకే వంటగది. కింద వాటాలో పెద్దకోడలు ఫోనక్క, మేడ మీద చిన్నకోడలు ఈ మేనేజరు.

సరే, ఇక లోపలికి వెళదాం.

ఫోనక్కను పిలిచింది కొత్త ఏజెన్సీ వాళ్ళకి మూడు రోజుల్లో పని నేర్పించే విషయం మాట్లాడటానికి. అందుకే ఆమె, ఇన్నేళ్ళ ఫోన్లలో నేర్చుకున్నవన్నీ రాసుకున్న అట్ట పుస్తకం తెచ్చుకుంది. గదిలో బల్ల చివర యజమాని గారు, ఆయనకి కుడివైపు ఏజెన్సీ తరఫున వచ్చిన పెద్దమనిషి, నీలం టై, నున్నటి గడ్డం. తెర పక్కన చిన్నకోడలు, చేతిలో చిన్న రిమోటు. ఏసీ కింద ప్లాస్టిక్ బకెట్టులో టపటపా నీళ్ళు పడుతున్నాయి. మోటార్ల కంపెనీలో నీటికి మాత్రం ఏ లోటూ లేదు.

తెర మీద ఫోనక్క నింపిచ్చిన ఫారం, అందులో ఆమె చేతిరాత. ఒక్కో అక్షరం చెప్పు సైజులో.

'ప్రశ్న ఏడు. మీ పని కొత్తవారు నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుంది?'

దాని కింద, గుండ్రంగా, వినయంగా, ఆమె స్వహస్తాలతో: 'ఏముందండీ, పెద్ద పనేం కాదు. ఎవరైనా చేసేయొచ్చు.'

దాని కింద ఎర్ర గీత. గీత పక్కన చిన్నకోడలి అచ్చు అక్షరాలు: 'విభాగం పెద్దే స్వయంగా ధ్రువీకరించారు. సిఫారసు: మొదటి పద్ధతి. అన్ని పనులూ ఒకే ఏజెన్సీకి.'

తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అనే మాట ఫోనక్క చాలాసార్లు విన్నది. అంత పెద్ద తెర మీద చూడటం అదే మొదటిసారి. ముందు ఆమెకి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. అరికాళ్ళలో మొదలైన మంట మెట్టుమెట్టుగా పైకెక్కి నెత్తిన కూర్చుంది.

"రండమ్మా, కూర్చోండి," అన్నారు యజమాని గారు. మర్యాదస్తుడే. మర్యాదగా గొంతు కోసేవాళ్ళకి లోకంలో కొదవేముంది?

"కూర్చోనండీ. ఆ కాగితం ఇక్కడికెలా వచ్చింది?"

చిన్నకోడలు గొంతు సవరించుకుంది. ఆఫీసులో ఆమె అక్కని మీరు అంటుంది, ఇంట్లో నువ్వు అంటుంది. ఈ ఏర్పాటు రెండేళ్ళుగా సజావుగా సాగుతోంది. "అన్ని విభాగాల నుంచీ ఫారాలు తీసుకున్నామండీ. మీది కూడా అందులో..."

"నేనడిగేది అది కాదు. ఆ కాగితం నేనెక్కడ రాశానో చెప్పు."

చిన్నకోడలు రిమోటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నేను చెప్తాను. పొయ్యి మీద పాలు పెట్టి, గట్టు మీద కాగితం పెట్టి రాశాను. నువ్వొచ్చి, అక్కా, నీ ఒక్కదానిదే మిగిలింది, రెండు ముక్కలు రాసిచ్చెయ్యి, టైమైపోతోంది అన్నావు. పాలు పొంగుతున్నాయి. రెండు ముక్కలే రాశాను. ఆ రెండు ముక్కలతో పదకొండుమంది కడుపు కొడతావా?"

"అమ్మా, అమ్మా," అన్నారు యజమాని గారు. "ఇది వ్యక్తిగత విషయం కాదు. కంపెనీ పెద్దదవుతోంది. ఎండాకాలం నూటికి నలభై ఫోన్లు మనం ఎత్తలేకపోతున్నాం. అవునా కాదా?"

"అవునండీ. పదకొండుమందిమి ఇరవైమంది పని చేస్తుంటే మరి మిగలవా? ఇంకో నలుగుర్ని ఇవ్వమని మూడేళ్ళ నుంచి అడుగుతున్నాం."

"మూడేళ్ళ నుంచా?" యజమాని గారు చిన్నకోడలి వైపు చూశారు. ఆమె వచ్చి రెండేళ్ళే. ఆయన చూపు అక్కడ ఆనడానికి చోటు దొరక్క మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. "నాకెవరూ గట్టిగా చెప్పలేదే."

అదీ అసలు సంగతి. ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఏటేటా ఫోనక్క వెళ్ళి, 'వీలైతే చూడండి సార్, తొందరేం లేదు' అని వచ్చేది. తొందర లేదన్నారు కదా అని ఆయనా తొందర పడలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగీ అడగనట్టు అడిగితే యజమాని పెడతాడా?

టై పెద్దమనిషి చిరునవ్వు నవ్వాడు. "మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ మా దగ్గర రెండువందల మంది శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. ఫోన్ మూడో గంట మోగేలోపు ఎత్తుతారు. మీరు చెప్పాల్సినవి నాలుగు విషయాలుంటే చెప్పండి, చాలు. పెద్ద పనేం కాదని మీరే రాశారు కదా."

మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఫోనక్క ఆ నవ్వు వంక చూసింది. చేతిలోని అట్ట పుస్తకాన్ని బల్ల మీద ధడాలున పడేసింది. బిస్కెట్ల ప్లేటు జానెడు జరిగింది.

"నాలుగు విషయాలా? ఇందులో ఆరువందలున్నాయి. చదవండి. పైకి చదవండి."

టై పెద్దమనిషి యజమాని వంక చూసి, ఆయన తలూపేసరికి, ఏదో ఒక పేజీ తెరిచి చదివాడు. "'అప్పుడప్పుడు ఆగుతోంది' అంటే... రోజూ ఆగుతోందని. 'మొన్నటిదాకా బాగుంది' అంటే... ఎవరో విప్పి చూశారని. 'నేనేం చెయ్యలేదండీ' అంటే..." ఆయన ఆగాడు.

"చదవండి, ఫరవాలేదు."

"'నేనేం చెయ్యలేదండీ' అంటే తనే చేశాడని."

యజమాని గారి పెదవుల మీదికి నవ్వు వచ్చి, ఫోనక్క మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"మనుషులు చెప్పేది ఒకటి, జరిగేది ఇంకోటి," అంది ఫోనక్క. "మేము ఫోన్ ఎత్తగానే రాసుకోం. ఫోను మోటారు దగ్గరికి తీసుకెళ్ళమంటాం. వింటాం. ఈగలు ముసిరినట్టుంటే కెపాసిటర్ పోయిందని. గురక పెడితే బేరింగ్ అరిగిందని. చిటపటమంటే లోపల తీగల పూత కాలి కరెంటు బయటికి కారుతోందని. అప్పుడు పేరూ ఊరూ తర్వాత, ముందు మోటారు ఆపించి, కుళాయి ముట్టుకోవద్దని చెప్తాం. ఇదీ మా పని. దీన్నేనా మీరు కొసరు అన్నది?"

"మరి ఇదంతా ఫారంలో ఎందుకు రాయలేదు?"

ఆ అడిగింది యజమాని కాదు, టై పెద్దమనిషీ కాదు. చిన్నకోడలు.

"ఏమన్నావు?"

"ఎందుకు రాయలేదు అంటున్నాను!" మీరు, అండీ అన్నీ ఎగిరిపోయాయి. "ప్రశ్న ఏడు, ప్రశ్న ఎనిమిది, ప్రశ్న పదకొండు. మూడు చోట్ల ఖాళీ వదిలి మరీ అడిగాను. నీ పనిలో కష్టమేంటి అక్కా అని. ఎనిమిదికి ఏం రాశావో తెలుసా? 'అలవాటైపోయింది.' పదకొండుకి? 'దేవుడి దయ వల్ల అంతా బాగానే ఉంది.' ఇది పెట్టుకుని నేను నీ తరఫున ఏం వాదించను? గోడౌన్‌లో తాళాలేసే ఆయన నాలుగు పేజీలు రాశాడు, తాళం వెయ్యడం ఎంత కష్టమో! ఆయన పని కంపెనీలోనే ఉంచుతున్నాం. నువ్వు నాలుగు మాటలు రాశావు."

"నువ్వు నన్ను చూడ్డం లేదా? రోజూ నీ కళ్ళెదుటే కదా చేస్తున్నాను!"

"చూస్తున్నాను! ఇంట్లోనూ చూస్తున్నాను! ఒంట్లో బాగాలేదా అక్కా అంటే ఏం లేదంటావు. సాయం చెయ్యనా అంటే ఎందుకులే అంటావు. తర్వాత గిన్నెలు ధనధనా పెడతావు. నీ మనసులో ఏముందో నేను గిన్నెల చప్పుడు విని కనిపెట్టాలి! ఊరందరికీ మోటారు చప్పుడు విని జబ్బు చెప్తావు, నీ జబ్బు నోరు తెరిచి చెప్పవేం? నేను నీ మాటే నమ్మాను. నీ మాటకి విలువిచ్చాను. అది కూడా నా తప్పేనా?"

యజమాని గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుటుంబ కలహాలు కొసరు పనుల పట్టికలో లేవు మరి.

ఫోనక్కకి ఆ మాటలు సూటిగా తగిలాయి. తగిలినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఈ పిల్లని ఈ కంపెనీ గేటు దాకా చెయ్యి పట్టుకుని తెచ్చింది తనే. చదువుకున్న పిల్ల, ఇంట్లో కూర్చోకూడదని యజమాని దగ్గర నోరు తెరిచి అడిగింది. తన కోసం ఏనాడూ తెరవని నోరు అది. ఆ సంగతి ఇప్పుడు గుర్తుచేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చేసిన మేలు చెప్పుకుంటే చప్పబడిపోతుందని ఆమె నమ్మకం. మింగేసింది.

"మా విభాగంలో ఒక నియమం ఉంది," అంది చివరికి. గొంతు తగ్గింది, మంట తగ్గలేదు. "ఎవరైనా ఫోన్ చేసి 'పెద్దదేం కాదండీ' అన్నారంటే, వాళ్ళని మూడుసార్లు మార్చి మార్చి అడగాలి. ఎందుకంటే ఊరికే అరిచేవాడికి నట్టు వదులై ఉంటుంది. పెద్దదేం కాదన్నవాళ్ళ ఇంట్లోనే ఏదో పెద్దది జరుగుతుంటుంది. మొహమాటస్తులు ఎదుటివాళ్ళకి ఇబ్బంది అని తమ ఇబ్బంది దాస్తారు. పుస్తకంలో మొదటి పేజీలో అదే ఉంది." ఆమె తోడికోడలి కళ్ళలోకి చూసింది. "నన్ను మాత్రం ఆ కాగితంతో ఒక్కసారే అడిగారు. అదీ పాలు పొంగుతున్నప్పుడు."

చిన్నకోడలు రిమోటు బల్ల మీద పెట్టేసింది.

టై పెద్దమనిషి, మీటింగ్ చెయ్యి జారిపోతోందని గ్రహించి, ముందుకు వంగాడు. "మీరు చెప్పినవన్నీ మేము నేర్చుకుంటామండీ. అసలు మా వాళ్ళు ఎలా మాట్లాడతారో ఒకసారి వినండి. నిన్నటి నుంచి మీ రెండో లైను మాకు మళ్ళించారు కదా, పరీక్షగా. అందులోంచి మచ్చుకి ఒకటి తెచ్చాను. దీనికి మా దగ్గర నూటికి తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి."

ఆయన ఫోన్‌లో ఏదో నొక్కాడు. గది స్పీకరులో గంట మోగింది. రెండో గంటకే ఎత్తారు.

'నమస్కారమండీ, మీకు ఏ విధంగా సాయపడగలను?' తేనె పూసిన గొంతు.

'నమస్కారం తల్లీ.' వయసు మళ్ళిన ఆడగొంతు. వెనక సన్నగా మోటారు చప్పుడు, పిల్లల అల్లరి. 'ఇది పసిపిల్లల్ని చూసుకునే చోటమ్మా. పొద్దున అమ్మానాన్నలు దింపి వెళతారు, సాయంత్రం తీసుకెళతారు. నేనిక్కడ ఆయాని. మోటారు కొంచెం చప్పుడు చేస్తోంది.'

'నీళ్ళు వస్తున్నాయాండీ?'

'ఆ, నీళ్ళకేం, బాగానే వస్తున్నాయి. చెయ్యి పొడిగా తుడుచుకుని కుళాయి తిప్పితే ఏ ఇబ్బందీ లేదు. పిల్లల్ని మాత్రం అటు రానివ్వట్లేదు. నేనే తిప్పి పట్టి పోస్తున్నాను.'

'అలాగేనండీ. మీ ఫిర్యాదు శబ్దం కింద నమోదు చేశాను. సమస్య తీవ్రత ఎక్కువా, తక్కువా అండీ?'

'అయ్యో, పెద్దదేం కాదు తల్లీ. మీ వీలు చూసుకుని రండి.'

'ధన్యవాదాలండీ. ఐదు పనిదినాల్లో మా మెకానిక్ వస్తారు. మీ రోజు శుభప్రదంగా సాగాలి.'

టై పెద్దమనిషి ఆపి, చేతులు చాచాడు. "విన్నారా? ఒక్క నిమిషం పది సెకన్లు. ఎంత మర్యాద! ఆవిడ కూడా ఎంత సంతోషంగా..."

"మళ్ళీ పెట్టండి," అంది ఫోనక్క.

"ఏంటండీ?"

"మళ్ళీ పెట్టండి అంటున్నాను!"

ఆ అరుపుకి యజమాని గారి కళ్ళజోడు చేతిలోంచి జారింది. ఇరవై మూడేళ్ళలో ఆమె ఆ ఆఫీసులో అరవడం ఎవరూ వినలేదు. టై పెద్దమనిషి మళ్ళీ పెట్టాడు. ఫోనక్క స్పీకరు దగ్గరికి వెళ్ళి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది. ఆయా గొంతు, పిల్లల గోల, వాటి వెనక మోటారు. మోటారు గురక పెట్టడం లేదు. ఈగల్లా ముసరడం లేదు. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు, ఆగి ఆగి, చిటపట, చిటపట.

ఆమె కళ్ళు తెరిచి టై పెద్దమనిషి వైపు తిరిగింది.

"ఈ ఫోన్ ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున. పదిన్నర ప్రాంతంలో."

ఫోనక్క గోడ గడియారం చూసింది. మూడూ పది. అంటే ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు.

"చెయ్యి తుడుచుకుని కుళాయి తిప్పుతున్నానంది, విన్నారా? మీలో ఎవరైనా కుళాయి తిప్పడానికి ముందు చెయ్యి తుడుచుకుంటారా? కడుక్కోవడానికి వెళ్ళేవాళ్ళు తుడుచుకుని వెళతారా? తడి చెయ్యి పెడితే కొడుతోంది ఆవిడకి! కరెంటు కొడుతోంది! అందుకని పిల్లల్ని రానివ్వకుండా తనే తిప్పుతోంది. పిల్లలకి తగిలేది తను తగిలించుకుంటోంది. పెద్దదేం కాదంది. మీవాళ్ళు తక్కువ అని రాసుకుని, శుభప్రదం అన్నారు!"

"మా ఫారంలో ఆ గడి లేదండీ," అన్నాడు టై పెద్దమనిషి. నవ్వు ఇంకా మొహాన అతుక్కునే ఉంది, తీసేయడం మర్చిపోయినట్టు. "శబ్దం, నీళ్ళు రాకపోవడం, కారడం, మూడే గడులు. మీ కంపెనీ ఇచ్చిన జాబితా ప్రకారమే..."

"ఆ జాబితా నేనే ఇచ్చాను," అంది చిన్నకోడలు. "ఫారాలు చూసి తయారుచేశాను."

"అమ్మా, ఒక్క నిమిషం," అన్నారు యజమాని గారు. "కంగారు పడకండి. ఒక్క ఫోన్‌ని పట్టుకుని మొత్తం పద్ధతే తప్పనడం..."

"సార్!" ఫోనక్క బల్ల మీద అరచేయి ఆనించింది. "నా ఉద్యోగం తీసేయండి. పదకొండుమందినీ తీసేయండి. అన్నీ ఒక్కళ్ళకే ఇస్తారో, తిలాపాపం తలా పిడికెడు అని పదిమందికి పంచుతారో మీ ఇష్టం. కానీ అది తర్వాత. ముందు ఆ నంబరు కావాలి నాకు. ఇప్పుడే. వీలు చూసుకుని కాదు."

వీలు చూసుకుని కాదు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇరవై మూడేళ్ళ క్రితమే ఇలా అడిగి ఉంటే ఈ తెరా, ఈ ఎర్ర గీతా ఉండేవి కావేమో అని ఒక్క క్షణం అనిపించింది.

టై పెద్దమనిషి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు. చిరునామా లేదన్నాడు, అది మెకానిక్ వెళ్ళే రోజున తీసుకుంటారట. నంబరు మాత్రం దొరికింది. ఆయన అంకెలు చదువుతుంటే చిన్నకోడలు బల్ల మీది ఫోన్‌లో నొక్కింది. తొందరలో ఒకసారి తప్పు నొక్కింది. "నెమ్మదిగా," అంది ఫోనక్క, అనుకోకుండా మెత్తగా, వంటగదిలో కూరగాయల కత్తి అందించేటప్పుడు అన్నట్టు. రెండోసారి సరిగ్గా పడింది.

గంట మోగుతోంది. స్పీకరులో, గదంతా. ఒకటి. రెండు. మూడు.

అది మోగుతుండగానే చిన్నకోడలు వంగి, బల్ల మీద అచ్చు తీసి పెట్టిన తన సిఫారసు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. 'విభాగం పెద్దే స్వయంగా ధ్రువీకరించారు' అన్న వాక్యాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. 'మొదటి పద్ధతి' మీద కూడా గీత పెట్టింది, కాగితం చిరిగేంత గట్టిగా. యజమాని గారు చూశారు. ఫోనక్క ఇదేదీ చూడలేదు. ఆమె ప్రాణమంతా చెవిలో ఉంది.

ఏడు. ఎనిమిది. గంట ఆగిపోయింది.

"మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేసింది. ఈసారి ఐదో గంటకి ఎవరో ఎత్తారు. ఎత్తినవాళ్ళు హలో అనలేదు. గాలి చప్పుడు, ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు. మోటారు చప్పుడు లేదు. నిన్నటి చిటపట ఎంత భయపెట్టిందో, ఇవాళ అది వినబడకపోవడం ఫోనక్కను అంతకంటే ఎక్కువ భయపెట్టింది.

ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. "అమ్మా, మోటారు కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. నిన్న మీ ఆయమ్మ ఫోన్ చేశారు. ముందు మోటారు స్విచ్ ఆపేయండి. మెయిన్ కూడా తీసేయండి. కుళాయి ఎవరూ ముట్టుకోకండి. ఆయమ్మని ఒక్కసారి పిలవండి, నేను ఆవిడతో మాట్లాడతాను."

అవతల పసిపిల్ల ఏడుపు ఫోను దగ్గరికి వచ్చింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, ఒక్కటే అడిగింది.

"ఇప్పుడా చెప్పడం?"